టిల్లీ మొహం మీద నక్క

ఆట రాత్రి ఏడింటికి అని కాగితం మీద ఉంది కాబట్టే కొరీన్ స్టోవాల్ ఆ శనివారం పగలు గుమ్మడితోటకి వెళ్దామని తేల్చింది. పెళ్ళయిన ఏడేళ్ళలో ఆమెకి ఈ విద్య బాగా వంటబట్టింది. ఆ ఇంట్లో ఆగస్టు ఆఖరు నుంచి డిసెంబరు దాకా శనివారాలు పెళ్ళానివీ కావు, పిల్లలవీ కావు. అవి హాలొవెల్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టువి. ఆపిల్ తోటకి వెళ్ళాలన్నా, గుమ్మడికాయలు కోయాలన్నా, కొండమీద రంగు మారిన ఆకులు చూడాలన్నా ముందు ఫ్రిజ్ మీద అంటించిన ఆటల పట్టిక చూడాలి. వాళ్ళ పెళ్ళి జూన్‌లో జరిగింది. కూతురు టిల్లీ మార్చిలో పుట్టింది, కొడుకు ఎమెట్ ఫిబ్రవరిలో. ఇవేవీ వాటంతట అవి కలిసొచ్చినవి కావని కొరీన్‌కి బాగా తెలుసు.

గురువారం సాయంత్రం మొగుడు గ్రేడీ ఎవరో పోయినట్టు మొహం పెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"టీవీ వాళ్ళు ఆట మూడున్నరకి మార్చారు" అన్నాడు.

"అయితే?"

"అయితే ఏంటి కొరీన్! పెండర్ స్టేట్‌తో ఆట. నక్కలతో!"

పెండర్ స్టేట్ జట్టు గుర్తు నక్క, రంగు నారింజ. హాలొవెల్ వాళ్ళ గుర్తు అడవిదున్న, రంగు ముదురాకుపచ్చ. ఎనిమిది ఇళ్ళకి వాన గొట్టాలు బిగించి నడుం పట్టేసిన ముప్ఫయ్యేళ్ళ మనిషి తనని తాను అడవిదున్న అని చెప్పుకుంటుంటే కొరీన్ మొదట్లో నవ్వుకునేది. ఇప్పుడు నవ్వు కూడా దండగనిపిస్తోంది.

"టిల్లీకి మాటిచ్చాను. వెళ్తున్నాం" అంది.

గ్రేడీ కాసేపు ఫోన్లో ఏదో వెతికి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "సరే, వెళ్దాం. తోటవాళ్ళు గుడారం వేశారట, పెద్ద టీవీ పెట్టారట. నాన్న కూడా వస్తానంటాడు."

నాన్న అంటే బర్ల్ స్టోవాల్. ఊళ్ళో సగం ఇళ్ళ చూరులకి గొట్టాలు ఆయన బిగించినవే. ఆయన ట్రక్కు ఆకుపచ్చ, గుమ్మం ముందు జెండా ఆకుపచ్చ, టాయిలెట్ సీటు మూత కూడా ఆకుపచ్చే. ఆయన భార్య పదేళ్ళ కిందట ఒక శనివారం మధ్యాహ్నం పెట్టె సర్దుకుని ఫ్లోరిడాలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆట అయ్యాక ఆకలేసి వంటింట్లోకి వెళ్ళేదాకా ఆయనకి ఆ సంగతి తెలియలేదని ఊళ్ళో చెప్పుకుంటారు. బర్ల్ కూడా ఆ మాట కాదనడు. "డబుల్ ఓవర్‌టైమ్ మరి, ఆట తేలక రెండుసార్లు పొడిగించారు" అంటాడు.

ఇంత భక్తి ఉన్న ఆ తండ్రీకొడుకులు ఇద్దరూ హాలొవెల్‌లో ఒక్క రోజైనా చదవలేదు. చదివింది కొరీన్. నాలుగేళ్ళు అక్కడే ఉండి, భూగర్భశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, ఇప్పుడు ఊళ్ళో బడిలో సైన్సు చెబుతోంది. ఆ నాలుగేళ్ళలో రెండే రెండు ఆటలు చూసింది. రెండోది చలికి మధ్యలోనే వదిలేసి వచ్చింది. ఆ మాట ఒకసారి నోరు జారి బర్ల్ ముందు అన్నందుకు ఆయన నెల రోజులు ఆమెని జాలిగా చూశాడు.

శనివారం మధ్యాహ్నం రెండింటికి వాళ్ళ వ్యాన్ గుమ్మడితోటలో ఆగింది. ముందుసీట్లో బర్ల్, వెనక పిల్లల మధ్య ఇరుక్కుని కొరీన్. దారి పొడుగునా మామగారు కొడుక్కి ఆటగాళ్ళలో ఎవరి మోకాలు ఎలా ఉందో, ఎవరి భుజం ఎంత నొప్పో చెబుతూనే ఉన్నాడు. తన సొంత మోకాలికి డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే వెళ్ళని మనిషి.

తోట నిండా తమలాంటి కుటుంబాలే. చక్కగా దువ్విన పిల్లలు, ఫోటో కోసం ఒకే రంగు స్వెట్టర్లు వేసుకున్న తల్లులు, ఎటో చూస్తున్న తండ్రులు. మూడయ్యేసరికి తండ్రులు ఒక్కొక్కరే తప్పుకోవడం మొదలెట్టారు. ఒకడు కారులో ఏదో మర్చిపోయానన్నాడు, ఇంకొకడు టాయిలెట్‌కన్నాడు. అందరూ తేలింది ఒకే చోట, ఎండుగడ్డి కట్టలు వరసగా వేసిన తెల్లటి గుడారంలో. తోటవాళ్ళు తెలివైనవాళ్ళు. పిల్లలు మేకలకి మేత వేసే దొడ్డి పక్కనే దాన్ని వేశారు. అటు మేకలు, ఇటు మొగుళ్ళు. మేకలు కాస్త శుభ్రంగా ఉన్నాయనిపించింది కొరీన్‌కి.

"ఒక్క క్వార్టర్, పావు వంతు ఆట చూసి వచ్చేస్తాను. తర్వాత ట్రాక్టర్ ఎక్కుదాం" అన్నాడు గ్రేడీ.

"టిల్లీని కూడా తీసుకెళ్ళు. చిన్నాడికి పాలు పట్టి డోనట్లు తెస్తాను. అక్కడ మొహానికి రంగులేస్తున్నారు, అది పొద్దుటి నుంచీ అడుగుతోంది."

"అలాగే" అన్నాడు, అప్పటికే గుడారం వైపు చూస్తూ.

డోనట్ల దగ్గర వరస పొడుగ్గా ఉంది. ఎమెట్‌ని చంకనేసుకుని, వేడి డోనట్ల సంచీ పట్టుకుని కొరీన్ తిరిగొచ్చేసరికి అరగంట దాటింది. గుడారం గుమ్మంలోనే ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

మధ్య దారిలో టిల్లీ కొయ్యబొమ్మలా నిలబడి ఉంది. దాని ముందు గ్రేడీ మోకాళ్ళ మీద కూర్చుని, చిన్నాడి కింద తుడిచే తడి కాగితాలతో దాని మొహం రుద్దుతున్నాడు. నారింజ రంగు చెంపల నుంచి మెడ మీదికి పాకింది. ముక్కు మీద నల్లచుక్క, ఒక పక్క మూడు మీసాలు మాత్రం ఇంకా మిగిలున్నాయి. టిల్లీ ఏడవడం లేదు. పెదాలు బిగబట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. ఏడ్చి ఉంటే కొరీన్‌కి అంత కోపం వచ్చేది కాదేమో.

"ఏం చేస్తున్నావు?"

గ్రేడీ తలెత్తాడు. "అది నక్క బొమ్మ వేయించుకుంది."

"వేయించుకుంటే?"

"నక్క, కొరీన్!"

గడ్డి కట్ట మీద నుంచి బర్ల్ అందుకున్నాడు. "నేనే తుడవమన్నాను. ఆ మొహంతో నా పక్కన కూర్చుంటానంది. ఇంతమందిలో నా పరువేం కావాలి?"

"ఐదేళ్ళ పిల్ల మామయ్యా అది. దానికి నక్కంటే ఇష్టం. తోక బాగుంటుందని."

"ఇష్టాలు ఈ వయసులోనే సరిచెయ్యాలి. లేకపోతే రేపు పెండర్ స్టేట్‌లో చేరతానంటుంది."

చుట్టుపక్కల నవ్వారు. నలభై మంది ఉంటారు, అందరూ ఆకుపచ్చే. వెనక నుంచి ఒకడు "ఆవిడ కూడా నక్కల తరఫేమో, చూసుకో గ్రేడీ!" అన్నాడు. మళ్ళీ నవ్వులు. గ్రేడీ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూశాక కొరీన్ సంచీ పక్కన పెట్టింది.

"ఒక్క మాట అడుగుతాను" అంది, బడిలో ఆఖరు బెంచీ దాకా వినపడే గొంతుతో. "హాలొవెల్‌లో చదివినవాళ్ళు చేతులెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. ఒకడు టోపీ సర్దుకున్నాడు. ఒకడు "మా బావమరిది చదివాడు" అని గొణిగాడు. అందరికంటే వెనక కూర్చున్న బక్కపలచటి బట్టతలాయన, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు, చెయ్యి భుజం దాకా ఎత్తి దించేశాడు.

"ఒక్కరు. నాతో కలిపి ఇద్దరం" అంది కొరీన్. "మేమిద్దరం పిల్ల మొహం చూసి భయపడలేదు. గేటు బయటి నుంచి జెండాలూపే మీకేంటి ఇంత రోషం?"

నవ్వులు ఆగిపోయాయి. బర్ల్ మొహం కందగడ్డలా అయింది. ఆయన లేచాడు.

"చాలు ఆపు. మావాడికి సీటొచ్చింది. వచ్చిన సీటు కాదనుకుని నా పనిలోకి దిగాడు, నా నడుం బాగోలేదని. ఇక్కడున్న వాళ్ళందరికీ తెలుసు ఆ సంగతి. నీ పట్టా పెద్దదా, వాడు వదులుకున్నది పెద్దదా?"

ఆ కథ కొరీన్ చాలాసార్లు వింది. మంగలి దుకాణంలో, చర్చి మెట్ల మీద, తన పెళ్ళి విందులో కూడా. విన్నప్పుడల్లా గ్రేడీ తల దించుకుంటే అందరూ అది వినయం అనుకునేవాళ్ళు. ఎందుకు దించుకునేవాడో ఆమెకి ఒక్కదానికే తెలుసు. పెళ్ళికి ముందు, ఒక వాన రోజు, ఆగిన కారులో అతనే చెప్పాడు. ఎవరికీ చెప్పనని ఆమె మాటిచ్చింది.

"సీటు రాలేదు" అంది. "రెండుసార్లు దరఖాస్తు పెట్టాడు. రెండుసార్లూ వద్దన్నారు."

అన్న మరుక్షణమే గ్రేడీ వైపు చూసింది. చేతిలో నారింజ రంగు అంటిన కాగితం ఉండ చుట్టి పట్టుకుని, ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. తండ్రి వైపు చూస్తున్నాడు. తండ్రి ఒక తిట్టు తిట్టినా, భుజం తట్టినా, ఏదో ఒకటి జరిగితే బాగుండునన్నట్టు చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే టీవీలో జనం హోరెత్తారు. గుడారం మొత్తం ఒక్కసారిగా లేచింది. బర్ల్ గిరుక్కున తెర వైపు తిరిగాడు.

"ఎవరు పట్టాడు? ఎవరు పట్టాడ్రా బంతి?" అని అరిచాడు.

పక్కవాడెవరో పేరు చెప్పాడు. బర్ల్ చప్పట్లు కొట్టాడు. మళ్ళీ కొడుకు వైపు తిరగలేదు.

అప్పటిదాకా కొరీన్ తన ఏవగింపు అంతా మొగుడి మీదే ఖర్చు పెడుతూ వచ్చింది. అది ఎంత తప్పు చోట పడిందో ఆ చప్పట్లతో తెలిసొచ్చింది. గ్రేడీ లేచి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచాడు. టిల్లీ తల్లి చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి జిగురుగా ఉంది.

ట్రాక్టర్ బండి మీద నలుగురూ ఎక్కారు. పొలం చివర బండి ఆగాక గ్రేడీ గుమ్మడికాయల వరసల మధ్య చాలాసేపు వంగి వంగి వెతికాడు. కాయ నచ్చక కాదు, మొహం దాచుకోవడానికి.

"అది చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు చివరికి, ఒక కాయ మట్టి దులుపుతూ.

"అవును. మాట తప్పాను. అది నా తప్పే."

"నలభై మంది ముందు, కొరీన్!"

"అవును." ఆమె తన గొంతు ఇంకా కఠినంగా ఉండటం గమనించింది, మెత్తబరచలేకపోయింది. "ఆ నలభై మంది ముందే పిల్ల మొహం గచ్చు రుద్దినట్టు రుద్దావు. వాళ్ళు నవ్వితే నువ్వూ నవ్వావు."

అతను కాయని దించి కూతురి దగ్గరికి వెళ్ళాడు. "టిల్లీ, పద. మళ్ళీ నక్క వేయించుకుందాం. ఈసారి ఇంకా పెద్దది. తోక కూడా."

టిల్లీ తండ్రి మొహం కేసి చూసింది.

"వద్దు. మళ్ళీ తుడుస్తావు" అంది. కోపంగా కాదు, వాన పడుతుందంటే గొడుగు తీసుకున్నంత మామూలుగా.

గ్రేడీ దించిన కాయని మళ్ళీ ఎత్తుకుని బండి వైపు నడిచాడు.

ఆట ఆరున్నరకి ముగిసింది. అప్పటిదాకా వాళ్ళు వ్యాన్లో కూర్చుని బర్ల్ కోసం చూశారు. ఆయన గొంతు బొంగురుపోయి, గెలిచిన ఉత్సాహంతో వచ్చి ముందుసీట్లో కూలబడ్డాడు. పదిమైళ్ళు వెళ్ళాక ఆయనే మొదలెట్టాడు.

"పదకొండేళ్ళుగా ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు వాళ్ళకి నేనేం చెప్పాలి?"

వెనక సీట్లో కొరీన్, కొడుకుని ఒక్క మాట అడుగుతాడేమో, ఆ పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక్కడివే ఎలా మోశావురా అంటాడేమో అని ఎదురుచూసింది.

"పెళ్ళాం కోపంలో ఏదో వాగిందని చెప్పనా?" అన్నాడు బర్ల్. "అదైతే నమ్ముతారు."

"నిజమే చెప్పు నాన్నా" అన్నాడు గ్రేడీ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "లేకపోతే ఏమీ చెప్పకు."

"నీకేం, తేలిగ్గా అంటావు. మంగలి దగ్గరికి వెళ్ళాల్సింది నేను."

ఇంటి ముందు దిగుతూ ఆయన వచ్చే శనివారం సొంత మైదానంలో ఆట ఉందని, రెండు టిక్కెట్లున్నాయని గుర్తుచేశాడు. గ్రేడీ రానన్నాడు. "అలిగావా?" అంటే, "లేదు, పిల్లల్ని ఆపిల్ తోటకి తీసుకెళ్తున్నాను" అన్నాడు. కొరీన్ ఆ మాట నమ్మలేదు. ఆ ఇంట్లో అలాంటి మాటలు మంగళవారం దాటి బతకడం ఆమె చూడలేదు.

బుధవారం బడి వదిలే వేళకి ఆమె ఫోను మోగింది. బర్ల్.

"నీ పట్టా నిజంగా హాలొవెల్‌దేనా?"

"ఏడేళ్ళుగా మీ కోడల్ని. ఇప్పుడా అనుమానం?"

"అనుమానం కాదమ్మా." ఆ పిలుపుకి కొరీన్ చెవి నుంచి ఫోను తీసి ఒకసారి చూసింది. "అక్కడ చదివినవాళ్ళకి వేరే సీట్లున్నాయట. యాభై గజాల గీత దగ్గర, మైదానానికి సరిగ్గా మధ్యన. పైన కప్పు, కింద మెత్త. నీ పేరు మీద అడిగితే ఇస్తారట. ఆ బట్టతలాయన చెప్పాడు. ఇన్నేళ్ళూ నిన్ను ఇంట్లో పెట్టుకుని ఎండలో కూర్చున్నాను చూడు!"

గుడారంలో జరిగినదాంట్లో ఆయన మనసులో ఉంచుకున్నది ఇదొక్కటే. కొడుకు పరువు కాదు, మనవరాలి మొహం కాదు, మెత్త సీటు. కొరీన్‌కి కోపం కూడా రాలేదు. బురదలో కాలు పడితే కాలు తీసుకుంటాం గాని బురదతో దెబ్బలాడతామా?

"ముందు టిల్లీకి క్షమాపణ చెప్పండి మామయ్యా."

"ఐదేళ్ళ పిల్లకా!"

"ఐదేళ్ళ పిల్లకే."

ఫోను పెట్టేశాడు. గురువారం సాయంత్రం ఆకుపచ్చ ట్రక్కు వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఇంజను ఆపలేదు. బర్ల్ టోపీ తియ్యకుండానే లోపలికొచ్చి, వంటింటి బల్ల దగ్గర సూప్ తాగుతున్న టిల్లీ ముందు నిలబడ్డాడు.

"ఆ రోజు నీ మొహం తుడవమన్నాను. తప్పు. సారీ" అన్నాడు, మందుసీసా మీద రాసింది చదివినట్టు.

"పర్లేదు తాతా" అంది టిల్లీ. "నీ ట్రక్కు ఇంకా మోగుతోంది."

బర్ల్ ఒక పెద్ద పని పూర్తిచేసినవాడిలా కోడలి వైపు తిరిగాడు. "ఊఁ. సీట్లెప్పుడు అడుగుతావు?"

"అడగను."

"అదేంటి! చెప్పమన్నావు, చెప్పాను."

"క్షమాపణ చెప్పమన్నాను మామయ్యా. సీట్లిప్పిస్తానని అన్లేదు. పిల్లకి చెప్పాల్సింది పిల్లకి చెప్పారు, బాగుంది. కొడుక్కి చెప్పాల్సింది ఇంకా ఉంది. అదిగో, అక్కడే ఉన్నాడు."

గ్రేడీ సింకు దగ్గర గిన్నెలు తోముతున్నాడు. చేతులు ఆగాయి, కానీ వెనక్కి తిరగలేదు. బర్ల్ కొడుకు వీపు కేసి చూశాడు, కోడలి కేసి చూశాడు, కిటికీలోంచి మోగుతున్న ట్రక్కు కేసి చూశాడు.

"పెట్రోలు అయిపోతుంది" అని చెప్పి వెళ్ళిపోయాడు.

తలుపు పడిన చప్పుడయ్యాక గ్రేడీ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని కొరీన్ దగ్గరికి వెళ్ళింది. నవ్వుతున్నాడు. సబ్బునురగ మోచేతుల దాకా కారుతుంటే, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాడు.

"పెట్రోలట!" అన్నాడు. "పెట్రోలు, కొరీన్!"

శనివారం బర్ల్ ఒక్కడే ఆటకి వెళ్ళాడు. వీళ్ళు ఆపిల్ తోటకి వెళ్ళారు. గ్రేడీ తన మాట మీద నిలబడ్డాడు, కానీ పూర్తిగా కాదు. ఆకుపచ్చ టోపీ పెట్టుకునే వచ్చాడు. మూడున్నర దాటిన దగ్గర్నుంచీ ఆపిల్స్ కోస్తూ కోస్తూ ఆగిపోతున్నాడు, పక్కచెట్టు కింద ఎవరి ఫోన్లోనో గోల వినిపిస్తే మెడ అటు సాగుతోంది. మారిపోయాడనుకుని మురిసిపోవడానికి కొరీన్ సిద్ధంగా లేదు. ఆ మెడ చూస్తే ఒళ్ళు మండుతూనే ఉంది.

ఆపిల్ రసం పిండేచోట ఒక పెద్దాయన గ్రేడీ టోపీ చూసి పలకరించాడు.

"హాలొవెల్ అబ్బాయివా? ఏ సంవత్సరం బ్యాచి?"

ఇదివరకైతే గ్రేడీ నవ్వి మాట దాటేసేవాడు. ఈసారి చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"నేను చదవలేదండీ. నాకు సీటు రాలేదు. మా ఆవిడ చదివింది" అన్నాడు.

పెద్దాయన కొరీన్‌కి టోపీ ఎత్తి నమస్కారం పెట్టి, తన పని తను చూసుకున్నాడు. ఆకాశమేమీ విరిగి పడలేదు. గ్రేడీ చెవులు మాత్రం చాలాసేపు ఎర్రగానే ఉన్నాయి. కొరీన్ పక్కకి తిరిగి టిల్లీ మూతికంటిన రసం తుడిచింది, నెమ్మదిగా, ముందు దాన్ని అడిగి.

వ్యాన్ దగ్గరికి నడుస్తుండగా గ్రేడీ ఇక ఉండబట్టలేకపోయాడు.

"నీ ఫోన్లో చూశావా ఏమైనా?"

"చూశాను. ఓడిపోతున్నారు."

"ఎంత తేడా?"

కొరీన్ ఆపిల్స్ బుట్ట అతని చేతిలో పెట్టి, చిన్నాడిని ఎత్తుకుని ముందుకి నడిచింది. ఎంత తేడానో ఆమెకి తెలుసు. చెప్పలేదు.